కొసరు లేని పియానో

1938 నవంబరు 6, ఆదివారం

జనవరిలో మొదలుపెట్టి జనవరిలోనే మానేసిన డైరీ ఇది. బోలెడు కాగితాలు ఖాళీ. ఇవాళ్టితో వాటికి మంచి రోజులొచ్చాయి!

సంగతేమిటంటే, అమ్మణ్ణత్త సభలో పాడబోతోంది. పియానో నేను!!

పదేళ్ళ తరవాత చదువుకుంటే ఎవరెవరో తెలియాలి కదా, వివరాలు రాసి పెడతాను.

నేను: శ్యామసుందర్. బరంపురం బడా బజారులో కిరాణా వర్తకులు రామమూర్తి గారి ఏకైక పుత్రుణ్ణి. ఇంటర్మీడియట్ ఒకసారి తప్పాను. (రెండుసార్లు.)

పియానో: గోపాలపూర్‌లో నాకు నేర్పిన డిసిల్వా మిస్సమ్మ ఊరు విడిచిపోతూ ఇచ్చేసింది. ఎడ్లబండి మీద వచ్చింది. మా మేడ మెట్లు ఎక్కనంది. అందుకని కొట్టు వెనక గోదాములో, మిరపకాయల బస్తాలకీ చింతపండు బుట్టలకీ మధ్య కాపరం పెట్టింది.

అమ్మణ్ణత్త: నాన్నకి పినతండ్రి కూతురు. భర్త చిన్నప్పుడే పోయాడు. ఆడపిల్లల బళ్ళో టీచరు. ఆమె గొంతు గురించి రాయడం నా వల్ల కాదు. గోదాములో ఆమె పాడుతుంటే హమాలీలు బస్తా భుజం మీదే పెట్టుకుని నిలబడిపోతారు. ఇంతవరకూ బడిపిల్లల ముందు తప్ప ఎక్కడా పాడలేదు.

పాటలు: మా తెలుగు మేష్టారు భీమేశ్వరరావు గారివి. కీర్తనలు కావు, పద్యాలు కావు. మనిషి మనసులో ఒక్క మాట, దాని చుట్టూ పది పంక్తులు. అత్త వాటికి రాగం కట్టింది. వీటికి మృదంగం వద్దట, పియానో అయితేనే కొత్తగా ఉంటుందట. డిసెంబరు 18న హైస్కూలు హాల్లో "కొత్త పాటల సాయంత్రం".

చిక్కు: బట్టల కొట్టు సూరన్న గారు. మా వాళ్ళలో పెద్ద. ఇవాళ వచ్చి అరుగు మీద కూర్చుని నాన్నతో అన్నాడు, "మనింటి ఆడకూతురు సభెక్కి పాడ్డవేటి రామ్మూర్తీ! సరే, ఒక్కసారికి సూద్దాం. నవ్వులపాలైందంటే మాత్రం మళ్ళీ ఆ ఊసెత్తకూడదు." నాన్న సరేనన్నాడు. పైగా తనూ ఒక షరతు పెట్టాడు. అత్త పక్కన కూర్చుని వాయించేవాడు మన ఇంటి కుర్రాడే కావాలట.

మన ఇంట్లో కుర్రాణ్ణి నేనొక్కణ్ణే. అంటే నేను బాగా వాయిస్తే అత్త పాడుతుంది. నేను చెడగొడితే అత్త జన్మలో ఇంక సభలో పాడదు.

ఇక నా నిర్ణయం. ఇవాళ పాటయ్యాక అత్త అంది, "ఒరే శ్యామూ, నేను పంక్తి ముగించి నోరు మూసీసినాక కూడా నీ సెయ్యి ఊరుకోదేటిరా? గలగలా గలగలా! పాట నాదా, నీదా?"

ఆలోచిస్తే నిజమే. డిసిల్వా మిస్సమ్మ నాకు ఒంటరిగా వాయించడమే నేర్పింది, వెంట వాయించడం నేర్పలేదు. దానికి తోడు వంశపారంపర్యం. మా కొట్లో తూకం అయ్యాక ఒక గుప్పెడు పైన వేస్తాం. కొసరు. కొసరు వేయని కొట్టుకి మళ్ళీ ఎవడొస్తాడు? నా చేతులు కూడా కిరాణా చేతులే. అత్త పంక్తి అవగానే ఒక గుప్పెడు స్వరాలు పైన వేసేస్తాయి.

కనుక: రేపటి నుంచి కొసరు లేదు. ఒక్క స్వరం కూడా లేదు. ఇదే నా ప్రతిజ్ఞ!

రేపు పున్నమి కూడా. ముహూర్తం అదిరింది.

నవంబరు 7, సోమవారం

తెల్లవారుజామునే చెల్లెలు వాసవీకుమారితో వెళ్ళి చెరువులో అరటిదొప్ప పడవలు వదిలాను. ఊళ్ళో తెలుగువాళ్ళూ ఒరియావాళ్ళూ అందరూ అక్కడే. నా పడవలో దీపంతో పాటు నా కొసరును కూడా పెట్టి సాగనంపాను. పడవ బాగానే వెళ్ళింది.

సాయంత్రం సాధన. మూడు పాటలు. కొసరు లేదు!! చాలా తేలిక. ఇన్నాళ్ళూ ఎందుకు చేయలేదో.

మూడో పాట చివర ఒక్కసారి టింగుమంది. అది కొసరు కాదు, ముగింపు.

నవంబరు 9, బుధవారం

అత్త ఒప్పుకోలేదు. ముగింపు కూడా కొసరేనట.

దోషి ఎవరో కనిపెట్టాను. కుడిచేతి చిటికెన వేలు. పైకి పరిగెత్తేది అదే. దానికి పసుపు దారం కట్టాను. దారం కనబడగానే ప్రతిజ్ఞ గుర్తు రావాలి.

పసుపు తెల్లమెట్లకి అంటుకుంది. పియానోకి పెళ్ళికళ వచ్చింది.

నవంబరు 13, ఆదివారం

ఇవాళ దీపం పాట. మేష్టారి పాటల్లో నాకు ప్రాణం ఇది.

*దీపమింక పెట్టకే,*
*చీకటింత రానివే,*
*వాకిట నీ అడుగు సడి*
*ఒక్కసారి విననివే.*

"విననివే" దగ్గర అత్త గొంతు పైనుంచి మెల్లగా జారి కిందికొచ్చి ఆగుతుంది. పియానోకి జారడం చేతకాదు. మెట్టు నుంచి మెట్టుకి గెంతడమే వచ్చు. అక్కడ చేతులు ఎత్తేసి ఊరుకోవాలి. నాకు తెలుసు. తెలిసి కూడా, ఆ జారుడు ఎంత బాగుందంటే, "ఆహా" అనాలనిపించి చేత్తో అన్నాను. పైకెక్కి, కిందికి దిగి, మళ్ళీ సగం ఎక్కాను.

అత్త పాట ఆపింది. "విననీ, విననీ అని నేను బతిమాలుకుంటంటే, నువ్వు గిన్నెలు తోమినట్టు ఆ మోతేటిరా? ఆ అడుగు సప్పుడు ఎవడికి వినబడతాది?"

హమాలీ కొండలు బస్తా దించి మరీ నవ్వాడు.

దారం పని చేయడం లేదు. దారం రంగు మార్చి చూడాలి.

నవంబరు 16, బుధవారం

కొత్త ఉపాయం! పంక్తి అవగానే కుడిచేతిని తొడ కింద పెట్టుకుని కూర్చోవడం.

ఫలితం: చేయి తిమ్మిరెక్కింది. తరవాతి పంక్తికి బయటికి తీస్తే ఎక్కడ పడిందో నాకే తెలియదు. అత్త "ఏటిదీ?" అంది. "అపశ్రుతి, కొసరు మాత్రం కాదు" అన్నాను గర్వంగా.

నవంబరు 20, ఆదివారం

అసలు లోపం శిక్ష లేకపోవడం. ఇకనుంచి ప్రతి కొసరుకీ ఒక ఉడకబెట్టిన కాకరకాయ ముక్క. ఉప్పు లేదు, బెల్లం లేదు. లెక్క వాసవిది. అది గోదాము గుమ్మంలో గిన్నె పట్టుకుని కూర్చుంటుంది. నా మీద ప్రేమ ఉన్నట్టే కనిపించదు.

ఇవాళ గిన్నె ఖాళీ అయింది.

నవంబరు 25, శుక్రవారం

ఘోరం! కాకరకాయ బాగుంటోంది!

మధ్యాహ్నం భోజనంలో నేనే అడిగి వేయించుకున్నాను. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది, కొడుక్కి బుద్ధొచ్చిందని. శిక్ష పథకం రద్దు.

నవంబరు 27, ఆదివారం

ఇవాళ ఆరో పాట చేరింది. ఒరియా పాట. పోస్టుమాస్టరు పాణిగ్రాహి గారు రాశారు. "కొత్త రాష్ట్రం వచ్చి రెండేళ్ళు దాటింది, మనం పాడే సభలో మన ఊరి రెండో భాష లేకపోతే ఎలా?" అన్నారు మేష్టారు. న్యాయమే. పాట కూడా చక్కనిది. సముద్రం మీదికి వెళ్ళిన మనిషికి ఇంటి దగ్గర్నుంచి పంపే కబురు. అత్తకి ఒరియా మంచినీళ్ళ ప్రాయం. అయినా చరణాలు నాలుగూ ఒకేలా మొదలవుతాయి, తికమక పెడతాయి. కాగితం చూసి పాడుతోంది. సభలో ఆఖరున ఇదే.

ఇవాళ కొసర్లు ఎక్కువే పడ్డాయి. కారణాలు రాసి పెడుతున్నాను:

ఒకటి, చెమ్మ. గాలి సముద్రం వైపు నుంచి కొడుతోంది. మెట్లు ఉబ్బి, నొక్కింది లేవదు, లేచింది ఆగదు.

రెండు, మిరపకాయలు. కొత్త సరుకు దిగింది. అత్త తుమ్మింది. తుమ్ము ఖాళీని ఎవరో ఒకరు నింపాలా వద్దా?

మూడు, బోర్డు. బయట నాన్న కొట్టు బోర్డు మీద ఒరియా అక్షరాలు కూడా రాయిస్తున్నాడు. రంగులవాడు నిచ్చెన మీద నుంచి "భలే బాబూ" అన్నాడు. మెచ్చుకున్నాక ఇంకో గుప్పెడు వేయకపోతే మర్యాద కాదు.

డిసెంబరు 2, శుక్రవారం

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

ఇవాళ దీపం పాటలో నేను కొసరు వేయలేదు. తవ్వెడు వేశాను. మానెడు వేశాను. "చీకటింత రానివే" దగ్గరే మొదలుపెట్టాను. ఆమె ఇంకా పాడుతూనే ఉంది. నా చేతుల కింద మంచి వరస ఒకటి దొరికింది, దాని వెంట పోయాను. ఎంత దూరం పోయానో తెలియదు. తలెత్తి చూస్తే అత్త పాడటం లేదు. పియానో మూత మీద చేయి ఆనించి నన్నే చూస్తోంది.

కోప్పడలేదు. అందుకే భయమేసింది.

"నీకు నా పాట అక్కర్లేదురా" అంది. "నువ్వొక్కడివే వాయించుకో. బాగుంటాది. నేను మీ నాన్నతో సెప్పీసుకుంటాను, పాడననీసి."

చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది. కొండలు కూడా నావైపు చూడలేదు.

డిసెంబరు 4, ఆదివారం

గోదాములో చప్పుడు లేదు.

సూరన్న గారు వచ్చాడు. ఎవరు మోశారో కబురు. మొహం వెలిగిపోతోంది. "పోన్లే రామ్మూర్తీ, అల్లరి కాకముందే ఆగింది. దానికి బడుంది, పిల్లలున్నారు, సాలదేటి?"

వాకిట్లో నిలబడి విన్నాను. దానికి బడుంది! పదిహేనేళ్ళుగా ఆమె ఆ గొంతుతో ఎక్కాలు చెబుతోంది. ఒక్క సాయంత్రం, ఒకే ఒక్క సాయంత్రం, పెద్దవాళ్ళ ముందు పాడదామనుకుంది. దాన్ని సూరన్న గారు చెడగొట్టలేదు. నేను చెడగొట్టాను. సిగ్గుతో అన్నం సహించలేదు.

రాత్రికి కాకరకాయ వండారు. అదీ తినలేదు.

డిసెంబరు 6, మంగళవారం

నాన్న నన్ను కొట్లో కూర్చోబెట్టాడు. "ఆ పియానో పెట్టె ముందు కాదు, ఈ కాటా ముందు కూకో."

పొడంపేట నుంచి కాసమ్మ వచ్చింది. చేపలు ఎండబెట్టుకునే మనిషి, ఉప్పూ మిరపకాయలూ మా దగ్గరే కొంటుంది. ఉప్పు తూచాను. సంచిలో పోశాను. నా మనసు ఎక్కడో ఉంది. అలవాటుగా దోసెడు కొసరు తీసి వేశాను.

ఉప్పంతా నేల మీద పడింది. ఆమె అప్పటికే సంచి మూతి కట్టేసింది.

"ఓలి బాబో, మూతి కట్టీసినాను కాదేటి? ఇంకేటి పోస్తన్నావు? కళ్ళు ఆ పెట్టె కాడున్నాయేటి?"

నాన్న చూశాడు. కాసమ్మ వెళ్ళాక అన్నాడు, "కొసరెప్పుడెయ్యాలో కూడా తెల్దేటిరా? నీ దోసిలికేసి కాదు, గిరాకీ సేతులకేసి సూడు. మూతి కట్టీసిందంటే సాలని. తెరిసి పట్టుకుందంటే ఇంకా కావాలని. కట్టీసినాక ఎయ్యకూడదు. తెరిసి పట్టుకున్నోళ్ళకి ఎయ్యకపోడం అంతకన్నా తప్పు."

నా నెత్తి మీద ఉప్పు బస్తా పడ్డట్టయింది. ఇన్నాళ్ళూ నేను చేసిందదే! అత్త పంక్తి ముగించి మూతి కట్టేసేది. నేను కట్టిన సంచి మీద పోసేవాణ్ణి.

పెద్ద అక్షరాలతో రాసుకుంటున్నాను: మూతి కట్టినాక వేయకూడదు.

(రెండో మాట కూడా ఏదో అన్నాడు. అదంత ముఖ్యం కాదు.)

డిసెంబరు 8, గురువారం

అత్త దగ్గరికి ఇవాళే వెళ్ళాలి. వెళ్ళేముందు చేయి సాఫీగా ఉందో లేదో చూసుకుందామని గోదాములోకి వెళితే, మార్గశిర లక్ష్మివారం! వాసవి వాకిట్లో మొదలుపెట్టి బియ్యప్పిండితో లక్ష్మీపాదాలు వేసుకుంటూ వచ్చింది. కొట్టు, కాటా, గల్లాపెట్టె, గోదాము. చివరికి పియానో మూత మీద కూడా రెండు పాదాలు.

"సెరిపావంటే అమ్మతో సెప్తాను" అంది.

మూత తెరవలేదు. సాధన లేదు. ఈ కారణం మాత్రం నిజమైనది.

సాధన లేకుండానే వెళ్ళాను. అత్త వంటింట్లో ఉంది. నేనన్న మాట ఇది: "అత్తా, నా చెయ్యి కట్టేసుకుంటాను. ఒక్క స్వరం ఎక్కువ పడితే నువ్వే మూత వేసెయ్యి, నా వేళ్ళు దాని కిందున్నా సరే."

చాలాసేపు పప్పు తిప్పింది. తరవాత అంది, "వేళ్ళు నలగ్గొట్టుకుంటే వాయించేదెవడురా?" అంటే సరేనని!

డిసెంబరు 11, ఆదివారం

కొసరు లేదు. నిజంగా లేదు. ఆరు పాటలూ బొమ్మలా వాయించాను. అత్త పంక్తి ముగించగానే నా చేతులు ఒళ్ళో పడ్డాయి. గోదాములో చప్పుడు లేకుండా పోయేసరికి మొదటిసారి విన్నాను, ఆమె పంక్తికీ పంక్తికీ మధ్య ఊపిరి తీస్తుంది! ఇన్నాళ్ళూ నా మోతలో అది వినబడలేదు.

ఒరియా పాటలో రెండో చరణం ముందు ఒక్కసారి ఆగి కాగితం వైపు చూసుకుంది. "ఏటో, మొదలు జారిపోతంది" అంది. మిరపకాయల వల్ల అయ్యుంటుంది.

డిసెంబరు 14, బుధవారం

మేష్టారు వచ్చి విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అబ్బాయీ, నువ్వు మనిషివయ్యావు" అన్నారు. ఆనందం!!

అత్తతో ఒక మాట చెప్పారు. "ఒరియా పాటకి ఆ కాగితం వద్దమ్మా. చేతిలో కాగితం ఉంటే హాజరుపట్టీ చదివినట్టుంటుంది." అత్త తలూపింది. వాసవి దగ్గర నాలుగుసార్లు అప్పజెప్పింది. బాగానే వచ్చింది.

డిసెంబరు 18, ఆదివారం, మధ్యాహ్నం

పియానో బండెక్కింది. కొండలు పక్కన నడుస్తున్నాడు, పురిటికి తీసుకెళుతున్నట్టు జాగ్రత్తగా. కొత్త పంచె కట్టుకున్నాను. చిటికెన వేలికి దారం అవసరం లేదు. నేనే దారం!

ప్రతిజ్ఞ: ఏం జరిగినా సరే, ఒక్క స్వరం కూడా ఎక్కువ లేదు. ఆకాశం ఊడిపడ్డా లేదు.

డిసెంబరు 19, సోమవారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

హాలు నిండింది. వెనక కిటికీల్లో కూడా మనుషులు. మా వాళ్ళు, ఒరియావాళ్ళు, వకీళ్ళు, అత్త బడిపిల్లలు. ముందు వరసలో సూరన్న గారు, చేతికర్ర మీద గడ్డం ఆనించి. మూడో వరసలో నాన్న. ఇలాంటి చోట్ల నాన్న నిద్రపోతాడు. నిన్న పోలేదు.

అత్త తెల్లచీరలో వచ్చి నిలబడింది. మొదటి పాటకి గొంతు తడబడింది. రెండో పాటకి సర్దుకుంది. దీపం పాటకి హాలంతా మాటుమణిగింది. "ఒక్కసారి విననివే" అని జారి ఆగిందా, నేను చేతులు ఒళ్ళో పెట్టుకున్నానా, ఎవరూ చప్పట్లు కూడా కొట్టలేదు కాసేపు. సూరన్న గారి గడ్డం కర్ర మీద నుంచి లేచింది.

నా ఛాతీ ఉప్పొంగిపోయింది. చూశావా డైరీ, ప్రతిజ్ఞంటే ఇదీ!

అలా అయిదు పాటలు. ఆరోది ఒరియా పాట. మొదటి చరణం అయింది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

అత్త రెండో చరణం మొదలుపెట్టలేదు.

ఆహా, ఏం ఆగింది, అనుకున్నాను. ఈ మౌనం కోసం ఇంత గట్టిగా ఆపగలుగుతోంది!

ఇంకా మొదలుపెట్టలేదు.

తల తిప్పి నావైపు చూసింది. మెచ్చుకుంటోందనుకున్నాను! నిజం, అలాగే అనుకున్నాను, నా బతుక్కి. నా చేతులు చూపించాను. చూడు అత్తా, ఒళ్ళోనే ఉన్నాయి.

ఆమె నోరు తెరిచింది. ఊపిరి తీసింది. మాట రాలేదు. మళ్ళీ ఊపిరి తీసింది. వెనక ఎవరో దగ్గారు. ముందు వరసలో ఒకాయన సూరన్న గారి చెవిలో ఏదో చెప్పి నవ్వాడు. అత్త కళ్ళలో నీళ్ళు తిరగడం అప్పుడు చూశాను. చూశాను గాని నాకింకా బుర్ర వెలగలేదు.

మూడో వరసలో నాన్న లేచి నిలబడ్డాడు. కొట్లో హమాలీని కేకేసినట్టు కేకేశాడు:

"ఒరే శ్యామూ! సంచి తెరిసి పట్టుకుందిరా! కొసరెయ్!"

హాలు గొల్లుమంది.

నాకు ఒక్కసారిగా అన్నీ తెలిశాయి. రోజూ ప్రతి పంక్తి తరవాతా నేను వేసే ఆ గుప్పెడులో, చివరి స్వరం ఎప్పుడూ తరవాతి పంక్తి మొదలయ్యే స్వరమే. అత్త దాన్ని తిడుతూనే, తనకి తెలియకుండానే దాన్ని పట్టుకుని ముందుకెళ్ళేది. నేను తీసేశాను. నా ప్రతిజ్ఞ కోసం. ఆమె నోరు తెరుచుకుని నిలబడితే నేను నా ఒళ్ళో చేతులు చూసుకుని మురిసిపోతున్నాను.

నవ్వులు ఆగకముందే చిటికెన వేలితో వేశాను. మూడే స్వరాలు. మెత్తగా.

అత్త మొహం విచ్చుకుంది. పాట ఎక్కడ పడిపోయిందో అక్కడే దొరికింది. రెండో చరణం, మూడో చరణం, నాలుగో చరణం. ప్రతి చరణం ముందూ ఆమె ఊపిరి తీసేది, నేను ఆమె మొహం చూసి వేసేవాణ్ణి. మూడు చాలు. ఒకచోట ఒక్కటే చాలింది. వెనక కిటికీల దగ్గర ఒరియావాళ్ళు ఆమెతో పాటు పల్లవి అందుకున్నారు. ఆ రెండు నిమిషాలు నా జన్మలో నేను నిజంగా వాయించిన రెండు నిమిషాలు. ఆమె ముందు నడుస్తుంటే నేను వెనక దీపం పట్టుకున్నట్టుంది.

అక్కడితో ఆగితే ఎంత బాగుండేది!

పాట అయింది. ఆమె చేతులు జోడించింది. సంచి మూతి కట్టేసింది. నాకు ఆనందం ఆగలేదు. ఇన్నాళ్ళు దాచుకున్న కొసరంతా ఒక్కసారి బయటికొచ్చింది. కిందనుంచి పైదాకా ఎక్కాను. పైనుంచి కిందికి దొర్లాను. గోపాలపూర్ కెరటాలు కొట్టాను. డిసిల్వా మిస్సమ్మ నేర్పిన దొరల డాన్సు వాల్జు ముక్క కూడా ఒకటి పడింది. అత్త జోడించిన చేతులు దించలేక, అలాగే నిలబడి, నాకేసి ఓరగా చూస్తోంది. చప్పట్లు ఎప్పుడు మొదలయ్యాయో, ఎప్పుడు అయిపోయాయో తెలియదు. నేను ఆపేసరికి జనం చెప్పులు వెతుక్కుంటున్నారు.

బండి మీద ఇంటికొస్తూ లెక్క చూసుకున్నాను. ప్రతిజ్ఞ రెండు రకాలుగానూ చచ్చింది. వేయకూడని చోట వేశాను, వేయాల్సిన చోట మానేశాను.

డిసెంబరు 21, బుధవారం

సూరన్న గారు పొద్దున్నే వచ్చాడు. నాన్న కాటా సర్దుతున్నాడు. నేను మిరపకాయల బస్తా చాటున దాక్కున్నాను.

సూరన్న గారు గొంతు సవరించుకున్నాడు. "ఆ దీపం పాట ఉంది సూడూ రామ్మూర్తీ. మా ఇంటిది రెండ్రోజులుగా అదే కూనిరాగం. మళ్ళీ ఎప్పుడు పాడతాది మన అమ్మణ్ణి?"

నాన్న తలెత్తకుండా, "దాన్నే అడగండి బావా, దాని పాట" అన్నాడు.

సాయంత్రం అత్త గోదాముకి వచ్చింది. చేతిలో పర్లాకిమిడి నుంచి వచ్చిన కార్డు. జనవరి ఆఖర్న అక్కడ పాడాలట. ఇవే పాటలు.

నేను లేచి నిలబడ్డాను. "అత్తా, ఆ రోజు నేను..."

"కూకోరా" అంది. మూత మీద చేయి వేసి నిలబడింది. "సభలో మాట జారిపోయినప్పుడు నాకేటి వినబడిందో తెలుసా? నువ్వు వాయించని ఆ మూడు స్వరాలూ. అవి వస్తాయనీసి సెవులు రిక్కించుకుని నిలబడ్డాను. ఇన్నాళ్ళూ వాటినే తిట్టి, వాటి మీదే కాలేసి నడిసినాను గావాల. నాకే తెలీనేదురా."

ఏడుపొచ్చింది. ఎందుకో తెలియదు, సంతోషంగానే ఉంది.

"మరి పర్లాకిమిడికి..." అన్నాను.

"నువ్వు కాక ఇంకెవడొస్తాడు? మీ నాన్న షరతుంది కదా." తరవాత వేలు చూపించింది. "కానీ పాటయ్యాక నేను దండం పెట్టినానంటే, ఇంక నీ సెయ్యి ఆ పెట్టె మీద కనపడకూడదు. జనం ఇళ్ళకెళ్ళాలి."

కనుక, రేపటి నుంచి కొత్త నిర్ణయం. పాతదే, కొంచెం సవరించి. కొసరు లేదు, అత్త నోరు తెరిచి ఊపిరి తీసి నాకేసి చూసిన చోట తప్ప. నా చేతుల వైపు చూసుకోవడం బంద్. చూడాల్సింది ఆమె మొహం. దండం పెట్టిన తరవాత ఒక్క స్వరం కూడా లేదు. ఇదే నా ప్రతిజ్ఞ! ఈసారి తప్పను!

కొసరు: కాకరకాయలు తెచ్చి ఉంచమని వాసవికి చెప్పాను. ఎందుకైనా మంచిది.